గాలిమర కింద గబ్బిలాలు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చింతచెట్టు మీది గబ్బిలాలు బెదురుతాయని దీపావళికి మమ్మల్ని ఒక్క పటాకీ కాల్చనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు ఆ చెట్టుకెదురుగా మన చెలకలోనే గాలిమర తిరుగుతోంది. కరెంటు కంపెనీకిచ్చిన కౌలు కాగితం మీద సంతకం నాదే, వెనక్కి తీసుకోవడానికి లేదు. కాపలా నౌకరీ కూడా నాదే. రెక్కలు తగిలి రాలిన గబ్బిలాలను రోజూ పొద్దున్నే ఏరుతున్నాను. ఇవాళ చచ్చిన తల్లి రొమ్ము పట్టుకుని పిల్ల ఇంకా చీకుతోంది.

"జల్ది పాతిపెట్టన్నా, ఊరోళ్లు చూస్తే పరేషానైతది" అన్నాడు తొర్రూరు నుంచి వచ్చే కంపెనీ సూపర్వైజర్.

"రాత్రిపూటన్న జరసేపు ఆపుండ్రి సారూ."

"గది నా చేతుల లేదన్నా."

పిల్లను చింతకొమ్మకు తగిలించాను. తల్లిని నీ సమాధి పక్కన పాతిపెట్టాను. మన చెలకలో ఊరికి కనపడని చోటు అదొక్కటే మిగిలింది, బాపూ.