నేను పురుగుల మందు తాగలేదని మనవి

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,
గద్వాల.

ధరూర్ మండలం పత్తి రైతు, షుగరు, బీపీ వ్యాధిగ్రస్తుడు తిరుపతయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మగవారి బలహీనతకు ఇచ్చు మాత్రలలో ఏ రకం ఎన్ని మిల్లీగ్రాములు ఏ రకం ఎన్నింటికి సమానమో తెలియజేయుట గురించి, మరియు నేను ఆత్మహత్యకు పాల్పడలేదని ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

ఈ రెండింటికీ సంబంధమేమిటని తమరు అడుగుతారు. కింద చదివితే తెలుస్తుంది. ఇది ఒకరి చేత రాయించుకునే అర్జీ కాదు గనుక స్వయంగా రాస్తున్నాను, తప్పులు మన్నించాలి.

1. నాకు యాభై రెండేళ్లు. మొదటి భార్య కాలం చేశాక అమరచింతకు చెందిన జములమ్మను మారుమనువు చేసుకున్నాను. ఆమెను మొదటి మొగుడు చూడ్డానికి బాగలేదని వదిలేశాడు. ఇద్దరమూ దెబ్బతిన్నవాళ్లమే కనుక ఒకరినొకరం బాగానే చూసుకుంటూ వచ్చాము. షుగరు ముదిరిన మీదట నాకు సదరు బలహీనత ఏర్పడినది. ఆమెకు చెప్పలేక, చేను కావలి అనీ ఒళ్లునొప్పులనీ సాకులు చెప్పి విడిగా పడుకున్నాను. "నచ్చకుంటె నచ్చలేదని చెప్పు. గట్ల మొఖం తిప్పుకోకు" అని ఆమె ఒకసారి అన్నది. నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవలసిన మాట కాదది.

2. గద్వాలలో ఒక డాక్టరు గారు పరీక్షించి నీలం రంగు మాత్ర, సిల్డెనాఫిల్ యాభై మిల్లీగ్రాములది రాశారు. మందుల దుకాణం అతను ఆ చీటీని బస్టాండు దాకా వినబడేటట్టు చదివాడు. మరుసటిసారి వెళితే నీలంది అయిపోయిందని పసుపు రంగుది, టాడలాఫిల్ పది మిల్లీగ్రాములది చేతిలో పెట్టాడు. "గిది గూడ గదే పని జేస్తది కాకా. జర ముందుగాల ఏసుకోవాలె, అంతే" అన్నాడు. ఎన్ని వేసుకోవాలో అడగబోయాను. వెనుక మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ నిలబడి ఉన్నది. అడగలేదు.

3. అయ్యా, మేము పత్తి పండించేవాళ్లము. పురుగు చావకపోతే మోతాదు పెంచుతాము. ఒక మందు దొరకకపోతే ఇంకొకటి తెచ్చి, డబ్బా మీది అంకె చూసి సరిపెట్టి కొడతాము. యాభై పనిచేసే చోట పది ఏ మూలకు? అయిదు పసుపువి ఒక నీలానికి సమానమని లెక్క కట్టాను. జాగ్రత్తపరుడిని కనుక ఒకటి తగ్గించి నాలుగు మింగాను.

4. ఆ రోజు పుట్టింటికి పోయిన జములమ్మ సాయంత్రం బస్సుకు రావలసి ఉన్నది. నేను మాత్రలను మధ్యాహ్నం ఖాళీ కడుపున మింగి, ఆమె వచ్చేలోపు మిగిలిన సాళ్లకు మందు కొడదామని పంపు వీపున వేసుకున్నాను. ఎండ బాగా ఉన్నది. కళ్లు తిరిగి పంపుతో సహా పత్తిలో బోర్లా పడ్డాను. పక్క చేను మహేందర్ వచ్చి చూసేసరికి ఒళ్లంతా పురుగుల మందు, చెయ్యి పక్కన డబ్బా. "తిరుపతయ్య మందు తాగిండో!" అని కేకపెట్టాడు. ఊరు నమ్మడానికి ఆ కేక చాలింది.

5. దవాఖానలో ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. డాక్టరమ్మ "ఏమన్న గోలీలు ఏసుకున్నవా?" అని అడిగింది. కాళ్ల దగ్గర జములమ్మ, బస్సు దిగి సంచీతోనే వచ్చినది, నిలబడి ఉన్నది. చుట్టూ సగం ఊరు. "లేదమ్మా" అన్నాను.

6. అది మొదలు నాకు ఊపిరాడడం లేదు. ఒక సారు వచ్చి అప్పులెన్ని అని అడిగి రాసుకుపోయాడు. పత్రికాయన ఎండిన కొమ్మ పట్టుకోమని ఫొటో తీశాడు. నా పత్తి అప్పుడు పచ్చగా ఉండడంతో ఆ కొమ్మ కూడా ఆయనే వెతుక్కొచ్చాడు. పురుగుల మందుల దుకాణం అనంతయ్య "నీకిస్తె నన్ను లోపలేస్తరు. నా దుకాణం ముంగట గూడ నిలబడకు" అన్నాడు. ఇప్పుడు నిజంగానే చేనుకు పురుగు పట్టింది. ఆ సంగతి ఎవరూ రాసుకోవడం లేదు.

7. ఎవరూ ఎరగని చోట అడుగుదామని కొత్తకోట వెళ్లాను. ఒక దుకాణంలో పసుపు పదులు రెండు ఒక నీలం వందకు దగ్గరన్నారు. ఆ లెక్కన నేను మింగినది రెండు వందలు! ఇంకో దుకాణంలో ఈ అంకె వేరు, ఆ అంకె వేరు, పోల్చనే కూడదన్నారు. ఇవి బీపీని దించి కళ్లు తిరిగేటట్టు చేస్తాయి, బీపీ మాత్రలు వాడేవాడివి నిన్నెవరు మింగమన్నారని తిట్టారు కూడా.

8. అసలు గోడు ఇది. జములమ్మ ఏడవలేదు. ఇంట్లో తాళ్లు, డబ్బాలు దాచేసింది. అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. మొన్న మాత్రం "నేనొచ్చే దినమే ఎందుకు తాగినవ్? నాతోని ఉండుడు కంటె సచ్చుడు నయమనిపించిందా? నేనే పోత. నువ్వు బతుకు" అన్నది. ఆదివారం నాడు అమరచింత నుండి వాళ్ల అన్న, పెద్దమనుషులు తెగతెంపులు మాట్లాడడానికి వస్తున్నారు. తాగలేదంటే, మరెందుకు పడ్డావంటారు. అక్కడ నా నోరు పెగలడం లేదు. ఆమె పోతే నేను ఉండలేను.

కావున తమరు దయతలచి ఏ మాత్ర ఎంతకు సమానమో, ఎంతకు మించరాదో తెలియజేసి, నేను పురుగుల మందు తాగలేదని ధ్రువపత్రం ఇప్పించ ప్రార్థన. పత్రంలో మాత్రల సంగతి రాయవద్దు. రాయకుంటే ఎవరూ నమ్మరు. ఎట్లా రాస్తారో తమకే వదిలేస్తున్నాను. నాకిక ఓపిక లేదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిరుపతయ్య

తా.క.: జవాబు పోస్టులో వద్దు, పంచాయతీ దగ్గర నలుగురూ చదువుతారు. ఆదివారం లోపు ఫోన్ చేయండి సారూ, నంబరు కాగితం వెనుక రాశాను. జములమ్మే ఎత్తుతుంది, నన్ను ఫోను ముట్టనివ్వడం లేదు. నన్ను పిలవమనకండి. ఆమెకే చెప్పండి. మిల్లీగ్రాముల లెక్క తర్వాత చూసుకుందాం. ముందు ఆమెలో ఏ తక్కువా లేదని చెప్పండి. "నీ మొగుడు మందు తాగలేదమ్మా, నువ్వొస్తున్నవనే గోలీలు మింగిండు" అని చెప్పండి.