నీసు మానిపించిన నలభై రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం

నేను చెబుతున్నాను, ఎదురింటి యాదమ్మ రాస్తోంది. నాకు అక్షరం రాదు. నోరుంది.

కొడుకు సైదులు ఆదివారం కోదాడ నుంచి వస్తాడట, వాళ్ల నాయినను తీసుకుపోవడానికి. ఇక అక్కడే ఉంచుకుంటాడట. ఫోన్లో అదే మాట — "చెరువుల వడి సస్తే ఎవలు జవాబు జెప్తరే అమ్మా?"

నేను చెబుతాను. ఆదివారం వాడి ముందు నోరు పెగలకపోతే ఇది చదివి వినిపించమన్నాను యాదమ్మను.

ఫిబ్రవరి 4

ముసలాయన పొద్దంతా అరుగు మీద. ఏమడిగినా "ఆఁ." మతిమరుపు పట్టి రెండేళ్లు.

పోయిన బుధవారం నేను చింతపండు పిసుకుతుంటే తానొక్కడే గట్టు దిగాడు. ఛాతీ లోతు. చీరతోనే దూకి పట్టుకున్నాను. "వల తెగిందే, అటు పట్టు" అన్నాడు. వల లేదు... ఎవరో సైదులు చెవిన వేశారు. వాడి భయం అబద్ధం కాదు.

ఏడుపు రావడం లేదు నాకు. బియ్యం ఏరాను. రాళ్లు లేవు, అయినా ఏరాను.

ఫిబ్రవరి 5

తప్పు నాది, ముందు అది రాయమన్నాను. యాదమ్మ కలం ఆపింది.

"గదెందుకత్తా ఇప్పుడు?"

"రాయవే. దాసుకోనీకి నేనేమన్న దొంగనా?"

దసరా తర్వాత ముసలాయనను సూర్యాపేట అవతల మతిమరుపుకు పసరు మందు ఇచ్చే మనిషి దగ్గరికి తీసుకుపోయాను. నలభై రోజులు పథ్యం అన్నాడు. నీసు బంద్. చెరువు గాలి కూడా తగలొద్దు, తలకు చల్లదనం ఎక్కుతుంది. చేపలు పట్టి బతికే మా ఇళ్లలో పసరు తాగే మనిషి ఉంటే నీసు వాసన కూడా గడప దాటనివ్వం. నేను మిర్యాలగూడ మార్కెట్లో చేపలమ్మి వచ్చి, దొడ్లోనే తలస్నానం చేసి, చీర మార్చుకుని లోపలికి పోయేదాన్ని. పుట్టిందగ్గర్నుంచి నీళ్లలో బతికిన మనిషిని అర్రలో కూర్చోబెట్టి గొళ్లెం పెట్టాను. పెసరపప్పు, చారు. మళ్లీ పెసరపప్పు. "ఒక్క పరక పెట్టవే" అని చెయ్యి పట్టుకున్నాడు. వేలెడు చేప. పెట్టలేదు. "మందు పని జెయ్యదయ్యా, ఊకో" అన్నాను.

ముప్ఫయ్యో రోజున నన్ను ఎగాదిగా చూసి — "ఎవలమ్మా నువ్వు? మా ఆమె చేపలమ్మ పోయింది. ఇంక రాలే."

ఆ వాసన లేకపోతే నేను తనకు ఎవరినీ కాదు.

పథ్యం మాత్రం నలభై రోజులూ తప్పనివ్వలేదు. అంత గట్టిదాన్ని.

ఫిబ్రవరి 6

పోయిన నెల మిర్యాలగూడ దవాఖాన. తలకు ఫోటోలు తీశారు. డాక్టరమ్మ అడిగింది, "చేపలు ఎవరు మాన్పించారమ్మా?" నేనే అన్నాను.

చేపల్లో ఉండే కొవ్వు మెదడుకు మంచిదట. ముళ్లు తీసి పెట్టమంది — ఇలాంటివాళ్లు మింగడం కూడా మరిచిపోతారట ఒక్కోసారి. నీళ్ల దగ్గర కాసేపు తిప్పమంది, మనసు నెమ్మదిస్తుందట. పక్కన మనిషి ఉండాలి. చేతులకు తెలిసిన పని ఇవ్వమంది.

"పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది ఇంకొన్నాళ్లు ఉంటదేమో."

ఏమో అంది. ఆ ఏమో చాలనుకున్నాను. ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు పులుసు, పొద్దునా సాయంత్రం గట్టు.

ఫిబ్రవరి 7

మెరుగయ్యాడా? అబద్ధం రాయించను. నా పేరు ఇంకా నోటికి రాలేదు. కానీ నిన్న చినిగిన వల ఒళ్లో వేస్తే వేళ్లు వాటంతటవే నడిచాయి. కంత తర్వాత కంత, అన్నీ ఒకే కొలత. నిద్ర పడుతోంది. అరుపులు తగ్గాయి. నీళ్లకు ఎదురుగా కూర్చుంటే చేతి వణుకు ఆగుతుంది. యాదమ్మ కళ్లారా చూసింది. ఆమే సాక్షి.

ఫిబ్రవరి 8

కోడలు ఫోన్ చేసింది. కోదాడ పిల్ల, మాట మెత్తన.

"అత్తయ్యా, మూడో అంతస్తండీ. గాలీ వెలుతురూ బాగుంటాయి. కాకపోతే ఓనర్లు నీసు వండనివ్వరు. వారానికోసారి బయటినుంచి తెప్పిద్దాంలెండి."

"కిటికీలకెళ్లి ఏం గనవడ్తది?"

"హైవే అండీ."

పెట్టేశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వచ్చాడు. కారు కిరాయికి మాట్లాడుకుని. యాదమ్మ ఇది చదవబోతే "వద్దక్కా, నాకెర్కే" అన్నాడు. నాయిన బట్టలు తానే సంచిలో సర్దాడు. నేను అడ్డం పోలేదు.

ముసలాయన గట్టు మీద. సైదులు పిలవడానికి పోయాడు, వెనకే నేను. చెప్పులు విడిచి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లంచుకు దిగాడో లేదో, ముసలాయన కేక —

"ఓ పిలగా! ఎవలోళ్లవురా? గాడ దిగకు! తూము పక్కకు ఒండ్రుంటది, మోకాళ్లదాక గుంజుతది. ఇటు రా, గీడ రాయుంది."

సైదులు ఆగిపోయాడు. "నాయినా, నేను. సైదుల్ని."

"మా సైదులు సిన్నోడు. బడికి పోయిండు."

నవ్వబోయాడు వాడు. రాలేదు. నా వైపు తిరిగాడు. "నన్ను మర్శిండు గని ఒండ్రు మర్వలేదే అమ్మా."

"నాకు జెప్తున్నవా" అన్నాను. ఇంకా చాలా అనాలి. నలభై రోజుల సంగతి, డాక్టరమ్మ మాట, ఆ మూడో అంతస్తు... ఒక్కటీ బయటికి రాలేదు. ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం. వాకిట్లోంచి గట్టు కనిపిస్తుంది. ఇద్దరూ ఆ రాయి మీదే. నీళ్లు చూస్తున్నారు. సంచి కారులో ఉంది. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు.

పులుసు దించాను. అన్నానికి పిలవాలి. పిలిస్తే లేస్తారు. లేస్తే తింటారు. తింటే బయల్దేరుతారు.

ఇంకా పిలవలేదు.