బ్యాంకు వాళ్లు రాసిన మూడు ఉత్తరాలు

కాశీబుగ్గ,
11-9-2005.

చిరంజీవి గౌరికి,

మీ నాన్న మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ బెంగళూరులో నువ్వు కూడా వేళకింత తిని, కంటినిండా నిద్రపోయి, క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. హాస్టల్లో సాంబారు తియ్యగా ఉంటుందని రాశావు కదా, అక్కడ ఆపేసి, "సాంబార్లో బెల్లమేటి! ఆల మొకం మండ! పిల్ల ఏటి తింటాది?" అని బెంగళూరు ఊరంతటినీ తిట్టింది. ఆ పూట మాకు కూర లేదు. నీకు కారప్పొడి దంచడంతోనే సరిపోయింది. పార్సిల్ పంపుతున్నాను. అందరికీ పంచిపెట్టి ఆఖరికి నువ్వు ఖాళీ డబ్బా నాకకు.

అమ్మ రక్తపరీక్ష సంగతి అడిగావు. పోయిన వారం టెక్కలి తీసుకెళ్లి ఇద్దరం చేయించుకున్నాం. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టి ఈ వయసులో ఈ మాట వినడం కంటే అదృష్టం ఏముంటుంది? బస్సెక్కగానే మీ అమ్మ, "మన నర్సమ్మ సదువయ్యి ఇంటికొచ్చీవరకూ ఇలాగే ఉండాలి" అని తన నడుముకే చెప్పుకుంది. కళ్లజోడు మార్చుకున్నావో లేదో రాయమంది.

ఫ్యాక్టరీలో పని బాగానే ఉంది. జీడిపిక్కలు దండిగా వచ్చాయి. కాటా దగ్గర నాకు ఊపిరి సలపడం లేదు. ఊళ్లో మన ఎనిమిది కొబ్బరిచెట్లూ ఈసారి బాగా కాశాయి. కాయలు దించినవాడు సగం దింపి జ్వరమని పడుకున్నాడు. వాడికి జ్వరం ఎప్పుడూ కూలి చేతికందాకే వస్తుంది.

ఇక నువ్వు అడిగిన అసలు మాటకి వస్తాను. చాలాసేపటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నానని నీకు తెలిసే ఉంటుంది.

"రెండో ఏడు ఫీజు ఇంకా రాలేదని ఆఫీసులో రోజూ పిలుస్తున్నారు నాన్నా, ముప్పయ్యో తారీఖులోగా కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట, బ్యాంకు వాళ్లు ఎందుకింత ఆలస్యం చేస్తున్నారు?" అని రాశావు. ఇంతకుముందు అడిగినప్పుడు నేను, బ్యాంకు అంటే అంతేనమ్మా, నత్తనడక అని రాశాను. అది అబద్ధం. ఆలస్యం బ్యాంకుది కాదు తల్లీ, నాది.

జూలైలో బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలియనిది కాదు. అందులో నలభై ఎనిమిది వేలు అన్న అంకె కనబడింది, దాని పక్కనే ఇమ్మీడియట్లీ అన్న మాట కనబడింది. అంతే, డబ్బు కట్టమంటున్నారనుకున్నాను. మడిచి రెగ్జిన్ సంచిలో పెట్టేశాను. ఆగస్టులో రెండోది వచ్చింది. దాని కవరు కూడా చించలేదు. ఈ నెల మొదట్లో మూడోది వచ్చింది. మీ అమ్మ ఏమిటని అడిగితే, బ్యాంకు వాళ్లు పండగ శుభాకాంక్షలు పంపారన్నాను. వినాయకచవితికి బ్యాంకు నుంచి శుభాకాంక్షలు ఎవరికి వస్తాయే? అయినా పాపం నమ్మింది.

ఎందుకు దాచావని అడుగుతావు. నేను చేసే పని అలాంటిది. మా ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్లకు సావుకారు అడ్వాన్సు ఇస్తాడు, అది తీరేదాకా ఇంకో ఫ్యాక్టరీ గుమ్మం తొక్కకూడదు. మధ్యలో సావుకారు పిలుస్తున్నాడని కబురు వెళ్లిందంటే, డబ్బు వెనక్కి కక్కమని అర్థం. ఇరవై రెండేళ్లుగా ఆ కబురు మోసుకెళ్లేవాణ్ని నేనే. అప్పిచ్చినవాడు పిలవడానికి ఇంకో కారణం ఉంటుందని నాకు తోచనే లేదు. పైగా నీ అప్పుకి మనం ఇల్లూ పొలమూ ఏదీ తాకట్టు పెట్టలేదు, నీ సంతకం కింద నా సంతకం ఒక్కటే. ఏ క్షణాన్నయినా అడిగేస్తారనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. కంచం ముందు కూర్చోబోతుండగా బ్యాంకు ఆఫీసరు మనోహర్ గారి మోటారుసైకిల్ మన వీధిలోకి తిరిగింది. నేను పెరట్లోకి పరుగెత్తి, కొబ్బరి డొక్కల బస్తాల వెనక కూర్చున్నాను. నవ్వకు. మీ అమ్మకి సైగ చేశాను. "ఆయన ఇంట్లో నేరు బాబూ, సోంపేట ఎల్లారు" అని చెప్పింది. లోపల చారు పొగలు కక్కుతున్న కంచం ఆయనకి కనబడుతూనే ఉంది. "వస్తే ఒకసారి బ్యాంకుకి రమ్మనండమ్మా" అని వెళ్లిపోయారు.

నేను లేవబోతుంటే నా నెత్తిమీద ఎవరో నవ్వారు. మా ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే నూకమ్మ. పొయ్యిలోకి డొక్కలు అడగడానికి దొడ్డిదారిన వచ్చింది. కిందటేడు రెండు వేల అడ్వాన్సు దగ్గర నేను కబురు తీసుకెళితే జీడితోటలో దాక్కున్న మనిషి. అప్పుడు నేను నలుగురిలో దాన్ని గట్టిగా కేకలేశాను.

"ఏటి గుమస్తా బాబూ, తమరు కూడా దాగుతారేటి?" అంది.

నేను బట్టలకంటిన పీచు దులుపుకుంటూ నిలబడ్డాను.

"నానైతే రెండేలకి దాగున్నాను. నువ్వెంతకి దాగున్నావు?"

"లక్షా తొంభై వేలు. గౌరి నర్సు చదువుకి" అన్నాను.

"ఓలమ్మో! అయితే ఈ బస్తాలు నీకేటి సాలతాయి బాబూ!" అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత నవ్వు మాని, "అప్పిచ్చినోలు పిలిత్తే మొకం సూపించాలని నాకు సెప్పింది నువ్వే కదేటి? ఆ రోజు నాను సావుకారు కాడికెల్తే, నెలకి నూరు కట్టుకోమన్నాడు. అదే ముందే ఎల్లుంటే నువ్వు నన్ను తిట్టుండవు. నెగు, ఎల్లు" అంది.

కడుపులో మెతుకు లేకుండానే లేచి వెళ్లాను. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అయినా వెళ్లాను.

మనోహర్ గారు మూడు ఉత్తరాలూ బల్లమీద పరిచి ఒక్కొక్క లైనూ తెలుగులో చెప్పారు. "మిమ్మల్ని డబ్బు ఎవరడిగారండీ? ఈ నలభై ఎనిమిది వేలు మేము ఇవ్వాల్సింది. మీ అమ్మాయి మొదటి ఏడు మార్కుల జాబితా, ఫీజు కట్టిన రసీదు ఇస్తే గానీ రెండో ఏడు డబ్బు వదలడానికి లేదు. అవి వెంటనే పంపమని రాశాం" అన్నారు. బ్యాంకు డబ్బు చేతిలో పెట్టుకుని రెండు నెలలుగా నా వెంట పడుతుంటే, నేను పారిపోయానన్నమాట. ఇంతకంటే తెలివితక్కువ వాడు జిల్లాలో ఉంటాడా?

అందుకని ఈ ఉత్తరం అందగానే మిగతా పనులన్నీ పక్కన పెట్టు. మార్కుల జాబితా, రసీదు నకళ్లు మీ ప్రిన్సిపాల్ చేత సంతకం చేయించి కొరియర్లో పంపు. ఇరవై రెండులోగా ఇక్కడికి చేరితే, మర్నాడే డ్రాఫ్టు తీసి నేరుగా కాలేజీకే పంపుతామన్నారు. ఈలోగా ఆఫీసులో చూపించడానికి బ్యాంకు వాళ్ల కాగితం ఒకటి ఇందులో పెట్టాను, జాగ్రత్త. ఏ సబ్జెక్టులోనైనా మార్కులు తక్కువొస్తే సిగ్గుపడి జాబితా పంపడం మానకు. ఒక పేపరు పోయినా చెప్పుకుంటే దారి చూస్తారట. చెప్పకపోతేనే చిక్కు.

అప్పు తీసుకున్న రోజు సంతకాలప్పుడు చదవని షరతులు కూడా ఇప్పుడు చదివించుకున్నాను. ఈ అప్పులో మొదటి మనిషివి నువ్వు, నీ వెనక నేను. చదువయ్యాక ఏడాదికి గానీ, ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకి గానీ, ఏది ముందైతే అప్పటి నుంచి వాయిదాలు మొదలు. నువ్వు చదువుతున్నన్నాళ్లూ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. దాన్ని నెలనెలా కడితే కొంత తగ్గిస్తారట. కొబ్బరికాయల డబ్బు అందుకే అని మీ అమ్మ అప్పుడే తీర్మానం చేసేసింది. హాస్టల్ మారినా, ఉద్యోగం వచ్చినా, ఊరు మారినా బ్యాంకుకి ఉత్తరం రాయాలి. అది నా పని కాదు, నీ పని. ఎప్పుడైనా ఒక నెల కట్టలేకపోతే ఆ నెల రాకముందే వెళ్లి చెప్పు.

నేను కూడా ఇప్పుడు ఎవరికైనా కబురు పంపితే, ఎందుకు పిలుస్తున్నామో ఆ మాట కూడా చెప్పి పంపుతున్నాను.

ఇంకొకటి ఉంది. రాయకుండా కవరు అంటించేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. మూడో ఉత్తరం వచ్చిన రోజున నేను సావుకారు దగ్గరికి వెళ్లి, మా అమ్మాయి చదువు మానేసి వచ్చేస్తుంది, ప్యాకింగులో ఏదైనా పని చూడండి అని అడిగేశాను. దసరా వెళ్లాక రమ్మన్నాడు. నిన్ను వచ్చేయమని కార్డు కూడా రాశాను. రెండు రోజులు చొక్కా జేబులో ఉంది. నిన్ను అడగలేదు, మీ అమ్మకి చెప్పలేదు. ఒక కాగితం చదవడానికి భయపడి నీ నాలుగేళ్లూ నేనొక్కణ్నే తెంపేయబోయాను. కార్డు చింపేశాను. శుక్రవారం వెళ్లి సావుకారుకి వద్దని చెప్పాను. నన్ను క్షమించు తల్లీ.

నీ పేరున ఉన్న అప్పు, నీ పేరున ఉన్న చదువు. భయమేస్తే మీ నాన్న ఎంత పని చేస్తాడో తెలిసింది కదా. అందుకని చెబుతున్నాను, పరీక్షలన్నీ రాసేదాకా ఎవరు రమ్మన్నా ఇంటికి రాకు. నేను రమ్మని రాసినా రాకు.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న,
ఢిల్లీశ్వరరావు.