తెగిన తల ఎందుకు నవ్వింది

రోము నగరంలో తుస్కొలానా వీధి వెనక సందులో ఉంటున్న ఎవాండ్రో పస్కూచి అనే నేను, సినిమాలకు గాయాలూ పేగులూ తెగిన తలలూ చేసిపెట్టి బతికినవాణ్ణి, డెబ్భై ఎనిమిదో ఏట, పూర్తి తెలివిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. చేతికి మాత్రం వయసైపోయింది. అక్షరాలు వంకరపోయాయని పట్టుకుని నా బావమరిది కోర్టుకెక్కనక్కర్లేదు. ఇంతకుముందు రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

దీన్ని అమలుపరిచే బాధ్యత మా పేట నోటరీ అదెలైదె మొరిచోని గారికి అప్పగిస్తున్నాను. ఆవిడ నా సినిమా ఒక్కటీ చివరిదాకా చూడలేకపోయారు. కాబట్టి పక్షపాతం ఉండదు.

1. నేనుంటున్న ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో మిగిలినది నా ఏకైక కుమార్తె నీవెస్‌కు సర్వహక్కులతో చెందుతాయి. చట్టం ఎలాగూ ఇస్తుంది. నాన్న కూడా ఇష్టపడే ఇచ్చాడని తెలియాలని రాస్తున్నాను. నీవెస్ వితెర్బోలో కట్టుడుపళ్లు తయారు చేస్తుంది. మంచి పనిమంతురాలని అక్కడి డాక్టర్లు చెప్పగా విన్నాను. నాతో మాత్రం వాతావరణం గురించే మాట్లాడుతుంది.

2. నా కుంచెలు, ఎర్రరంగు డబ్బాలు మా పేట చర్చికి ఇస్తున్నాను. కీర్తిశేషులు ఫాదర్ ఉల్దెరీకో ఆదివారం ప్రసంగంలో నన్ను ఉతికి ఆరేసేవారు. సోమవారం పొద్దున్నే వచ్చి, ‘ఏమయ్యా ఎవాండ్రో, సిలువ మీద స్వామి గాయాలు వెలిసిపోయాయి. నువ్వు వేస్తే నెత్తురు ఇప్పుడే కారినట్టు ఉంటుంది, కాదనకు’ అని బతిమాలేవారు. వేశాను. ముసలమ్మలు ఆ గాయాల ముందు మోకరిల్లి కళ్లు తుడుచుకున్నారు. డబ్బాలో మిగిలిన రంగుతో మర్నాడు తెర మీద ఒక అమ్మాయి గొంతు కోశాం. ఫాదర్ ఉండగా ఈ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. చర్చివాళ్లు ఇప్పుడైనా గాయాలకు ఇంకో పూత వేయించాలి. ఎడమచెయ్యి మరీ పాలిపోయింది.

3. గాజుకళ్లు, రబ్బరు పేగులు, విరిగిపోయే కత్తులు, నెత్తురు తయారీ విధానం తురీన్‌లోని సినిమా సంఘానికి, దాని కార్యదర్శి లివియో పేర ఇస్తున్నాను. పంచదార పాకం, ఎర్రరంగు, చివర్లో ఒక చెంచా చిక్కటి కాఫీ. కాఫీ మరిస్తే నెత్తురు కాదు, జాం అవుతుంది.

లివియో నల్లచొక్కా వేసుకుని వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: ‘మాస్టారూ, ఇంత నెత్తురు కోసం జనం ఎందుకు ఎగబడ్డారంటారు?’ నేను కాఫీ పోసి మాట మార్చేవాణ్ణి. జవాబు ఇక్కడ రాసిస్తున్నాను. మా సినిమా విడుదలైతే నేను హాల్లో చివరి వరుసలో కూర్చుని తెరను కాక జనాన్ని చూసేవాణ్ణి. అప్పటికి కొన్నేళ్లుగా రాజకీయ కక్షలతో మా వీధుల్లో బాంబులు పేలుతున్నాయి, మనుషులు ఇంటి గుమ్మంలోనే కాల్పులకు పడిపోతున్నారు. ఆ నెత్తురు వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. మాది చూడొచ్చు. పక్కవాడి చెయ్యి పట్టుకుని అరవొచ్చు. చచ్చిన పిల్ల మర్నాడు బజార్లో టమాటాలు బేరమాడుతూ కనిపిస్తుంది. సినిమా వదిలాక ఆ జనమే వీధి చివర నూనెలో వేయించిన వేడివేడి అన్నం ఉండలు లొట్టలేసుకుంటూ తినేవారు. భయపడి బయటపడ్డవాడికి ఆకలెక్కువ. అంతకుమించి ఇందులో వేదాంతం ఏమీ లేదు, నాయనా.

లివియో అడిగే ఇంకో వస్తువు రబ్బరు తల. ఎనభై రెండులో తీసిన సినిమాలో మేడమెట్ల మీద దొర్లుకుంటూ వచ్చే తల అది. నా భార్య ఓర్నెల్లాది. మొదటి పావుగంటలో చచ్చిపోయే వేషాలే ఆమెకు వచ్చేవి. చచ్చేటప్పుడు ఎంత శ్రద్ధగా చచ్చేదో! ఆ తల దొర్లి ఆగినప్పుడు పెదవి ఎడమ చివర ఒక నవ్వు కనిపిస్తుంది. అది మృత్యువు మనిషిని వెక్కిరించడమే అని లివియో బృందం వ్యాసాలు రాసింది. పాపం, చాలా కష్టపడి రాశారు. తల వాళ్లకు ఇవ్వడం నా చేతిలో లేదు. అయిదో అంశం చూడండి.

4. నా బావమరిది తార్చీజియోకు సీసా బిరడా తీసే మర. సీసా ఇవ్వను. షూటింగు అయ్యాక ఆ తలను ఎండకు మెత్తబడకుండా వంటింటి పక్క చీకటి గదిలో, టమాటా సీసాల వెనక గుడ్డ కప్పి దాచాను, తాళం వేశాను. ‘ఒక్క గుక్క బావా, గొంతు ఎండిపోతోంది’ అంటూ తాళంచెవి తీసుకున్న ఈ మహానుభావుడు సీసా కోసం వెతుకుతూ గుడ్డ లాగేసి, తలుపు తెరిచిపెట్టే వెళ్లిపోయాడు. తర్వాత లోపలికి వెళ్లింది అయిదేళ్ల నీవెస్. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తల్లి పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నా, పిల్ల ఆమె మెడ తడుముతూనే ఉంది. తార్చీజియో, నిన్ను క్షమిద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కుదరలేదు. మర మాత్రం మంచిది, వాడుకో.

5. ఇది నీకే, నీవెస్. నోటరీగారు పైకి చదవకుండా నీ చేతికి ఇవ్వాలి.

అమ్మ జబ్బుచేసి పోయిన రోజున, సమాధుల దగ్గర నుంచి తిరిగొస్తూ అన్నావు: ‘పదిసార్లు చంపావ్ నాన్నా. అలవాటు చేశావ్. పదకొండోసారి నిజంగానే పోయింది.’ జవాబు నా దగ్గర ఉంది, నువ్వు వినలేదు. తల అన్న మాట వస్తే నువ్వు ఫోర్కు బల్ల మీద పెట్టేసి లేచిపోతావు. ఆ నవ్వు ఎలా వచ్చిందో చిన్నప్పుడే చెబుదామంటే మీ అమ్మ ఒప్పుకోలేదు. ‘ఇప్పుడొద్దు. తనవల్లే నా తల తెగిందనుకుంటుంది పిచ్చిది. పెద్దదయ్యాక చెబుదాం’ అంది. నువ్వు పెద్దదానివయ్యేసరికి ఆమె లేదు.

విను. అమ్మ ముఖానికి అచ్చు తీసింది ఈ ఇంట్లోనే, వంటగదిలో. నీ దగ్గరికి రోజూ వచ్చే పళ్ల అచ్చులకు డాక్టర్లు వాడే ముద్దే, పుదీనా వాసన వేసేదే. ముక్కుపుటాలు తప్ప ముఖం, మెడ అంతా కప్పేశాను. గట్టిపడేదాకా కదలకూడదు. అమ్మ భయపడి నా వేళ్లు నలిపేస్తోంది. అప్పుడు నువ్వు బల్ల కిందనుంచి వచ్చావు. నాలుగేళ్లు నీకు. చూసి అన్నావు: ‘నాన్నా, అమ్మ మొహం నిండా మీగడ! ఒక్కసారి నాకనా?’

ఆ ముద్ద వెనక మీ అమ్మ నవ్వింది. ఆపుకోలేకపోయింది. దర్శకుడు తల చూసి, ‘తెగిన తల నవ్వుతుందేమిట్రా, ఎద్దూ!’ అని చిందులేశాడు. ఇంకోటి చేసే వ్యవధి లేదు. నాకు చెయ్యాలనీ లేదు.

ఆ రబ్బరు తల ఇప్పుడు చెంపలు జారి పాడైపోతోంది. కాలుస్తావో, పాతిపెడతావో, లివియోకు ఇస్తావో నీ ఇష్టం. ఏది చేసినా నాకు సమ్మతమే. కానీ సామాన్ల కొట్టుగదిలో నీలం దుప్పటి చుట్టిన ప్లాస్టర్ అచ్చు ఒకటుంది, ఆ తలను పోసింది అందులోనే. దాన్ని పగలగొట్టకు. ఇది నా ఆజ్ఞ కాదు తల్లీ, బతిమాలుకోవడం. మీ అమ్మ ఫొటోలన్నిట్లో ఎవరి చేతిలోనో చస్తూనే ఉంది. ముప్పై ఏళ్ల ముఖంతో, బతికుండి, హాయిగా ఉన్నది ఈ ఒక్కచోటే.

అచ్చు లోపల సబ్బునీళ్లు రాసి, ప్లాస్టర్ పోసి, ఆరాక విప్పు. ఎలాగో నీకు నేను చెప్పక్కర్లేదు. పెదవి ఎడమ చివర వేలు పెట్టి చూడు. ఉలితో చెక్కిన మడతకూ, మనిషి కదిలితే పడ్డ మడతకూ తేడా నీ వేలికి తెలుస్తుంది. మెడ కూడా తడిమి చూసుకో. గాటు ఉండదు. గాటు తర్వాత రబ్బరు మీద నేను పెట్టింది. ఆ నవ్వు నువ్వు పెట్టింది.

రోము, 2019 అక్టోబరు 19.

సంతకం: ఎవాండ్రో పస్కూచి

ఆయన మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
సవేరియో తొంబెజి, మందుల దుకాణం యజమాని
ఇయోలె ఫ్రత్తాలి, కింది వాటాలో దర్జీ