నెట్ సెంటర్ పర్దా వెనుక

2008 ఆగస్టు, మంగళవారం

పటాన్‌చెరులో నా గురించి తిరుగుతున్న మాటలో సగమే నిజం. రోజూ సాయంత్రం నెట్ సెంటర్‌లో క్యాబిన్ పర్దా వేసుకొని కూర్చుంటున్న మాట వాస్తవమే. అయితే ఏ ముసలాయనతోనూ ఛాటింగ్ చేయడం లేదు. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న పిల్లలు నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. వాళ్ళ కెమిస్ట్రీ సందేహాలకు అందులో జవాబులు రాస్తున్నాను.

మధ్యాహ్నం మా తమ్ముడి భార్య సుగుణ వచ్చింది.

"వదినా, గీ వయసుల పర్దా ఎనుక ఏం పని అని అందరు అడుగుతున్నరు. ఏం చెప్పాలె నేను?"

"కెమిస్ట్రీ అని చెప్పు."

"గదే చెప్పిన. ఇంకింత నవ్విన్రు."

పర్దా ఎందుకో ఆమెకు కూడా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం ఎవరి కంటా పడకూడదు, అంతే. జవాబు ఆలస్యమైతే ఆ పిల్లల్లో ఒకడు, శ్రీను, గ్రూపులో "మేడమ్, మీ దిక్కు కరెంట్ పోయిందా?" అని రాస్తాడు. అవునంటాను. నా పరువు కోసం కరెంటు వాళ్ళు ఎన్ని నిందలు మోశారో...

మానేస్తే ఈ మాటలు ఆగుతాయి. కానీ సోమవారం నుంచి పిల్లలకు పరీక్షలు.

సుగుణ వెళ్ళగానే నెట్ సెంటర్‌కు పోయి, వీధి తలుపు పక్కనున్న కంప్యూటర్ నాకు ఉంచమని చెప్పి వచ్చాను. దానికి పర్దా లేదు. రేపు శ్రీను అడిగితే, కరెంటు ఉందనే రాస్తాను. ఒక్క వేలితోనే.