టీలో ముంచని ఉత్తరం

హెడ్‌మిస్ట్రెస్ ఫెయిర్‌క్లాఫ్ గారి సముఖానికి, నాలుగో తరగతి ఇంగ్లీషు ఉపాధ్యాయుడి సవినయ నివేదిక.

యుద్ధ సంస్మరణ దినం సందర్భంగా, వరుసగా పధ్నాలుగో ఏడాది నవంబరులోనూ, నిర్ణీత యుద్ధకథల పుస్తకం చదివించి, కందకంలోని సైనికుడు ఇంటికి రాసే ఉత్తరాన్ని పిల్లల చేత రాయించాను. పాతవిగా కనబడేందుకు కాగితాలను టీలో ముంచి ఆరబెట్టి, తనిఖీ కోసం తరగతి గోడకు అతికించాం. ఈ పాఠం నుంచి నన్ను తప్పించమన్న విన్నపాన్ని తమరు ఏటా తిరస్కరిస్తున్నందున ఈసారి చేయడం లేదు. మిగిలిన టీపొడిని వచ్చే నవంబరుకు బీరువాలో భద్రపరిచాను.

ఎల్సీ థ్వెయిట్ మాత్రం ఇంటి నుంచి సైనికుడికి, "శుక్రవారం వచ్చేయ్ నాన్నా, నీ కేకుముక్క దాచా" అని రాసింది. విషాదం చాలలేదని తమరు తిప్పి పంపారు. ఆదేశానుసారం మళ్లీ రాయమన్నాను.

"అయితే సైనికుడు చచ్చిపోవాలా సార్?"

"చివర్లో విషాదముంటే మార్కులెక్కువమ్మా."

"మా నాన్న ఇప్పుడు యుద్ధంలోనే ఉన్నాడుగా! నేను రాయను పోండి. టీలో కూడా ముంచొద్దు, నాన్నకి అక్షరాలు కనబడవు."

ఆ ఉత్తరాన్ని ఆమె తండ్రి పటాలానికి పోస్టు చేశాను.

గోడమీద ఒక ఉత్తరమంత ఖాళీ మిగిలింది. తనిఖీ అధికారి అడిగితే, అక్కడ మౌనం పాటిస్తున్నామని తెలుపగలరు.

విధేయుడు