పటికవేరు పాదు

స్పైసర్ కోవ్,
మే 9, శుక్రవారం

కోడలు రోవెనాకు అత్త వెస్టా దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద తీరింది. ఇక ఉన్న సంగతి రాస్తాను.

నేను కార్డు రాసి అడిగితే నువ్వు పంపిన పెట్టె ఏప్రిల్లో అందింది. పోస్టు బండి ఇప్పటికీ వంతెన దాకే వస్తుంది. అంటే వరదకు కొట్టుకుపోకముందు వంతెన ఉండిన చోటు దాకా. అక్కడినుంచి మీ చినమామ ఆర్విల్ దాన్ని భుజాన మోసుకొచ్చి, నీ కోడలు రాళ్లు పంపిందా వదినా అని మూలుగుతూ వరండాలో దించాడు. ఉత్తరం ఉంటుందేమోనని లోపల కుక్కిన కాగితాలన్నీ విప్పి దులిపాను. మూడు పటికవేరు మొక్కలు, వాటికి గుచ్చిన మూడు చీటీలు. ఒక చీటీ వెనక, పెద్దగా పెరిగేవి ఇవే, నచ్చింది చెబితే ఇంకా పంపుతాను అని రాశావు. డిసెంబరులో తలుపు ధడాల్న వేసి వెళ్లాక నువ్వు నాతో అన్న మొదటి మాట అది. నర్సరీలో పని నీకు పడుతోందని దాన్నిబట్టే తెలిసింది.

మొక్కలు ఇచ్చినందుకు మాత్రం నేను ఆ మాట అనను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మన కొండ చరియ మీది పటికవేరు మొక్క ఒకటి నీ చేతిలో పెడితే, పల్లపు ఊరి పిల్లవు కదా, థాంక్స్ అత్తయ్యా అని నవ్వావు. నేను అయ్యయ్యో అని నెత్తి కొట్టుకున్నాను. మొక్క ఇచ్చినవాళ్లకి థాంక్స్ చెబితే అది బతకదని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. నువ్వేమో బిక్కమొహం వేశావు. హార్లన్ పడీపడీ నవ్వి, మా అమ్మ మొక్కలు సిగ్గరివే, పొగిడితే చచ్చిపోతాయి అన్నాడు. నెల తిరక్కుండానే అది ఎండింది. ఆ తర్వాత నీకు ఎన్ని మొక్కలిచ్చినా నోరు గట్టిగా బిగించి, తల ఊపి తీసుకునేదానివి. ఆ మొహం చూసి వాడు మళ్లీ నవ్వేవాడు.

ఇప్పుడు కోపం తెప్పించే సంగతి. కూర్చుని చదువు.

ఆ మొక్కలు ఇంటి ముందు పెట్టలేదు. చర్చి వెనక శ్మశానంలో, మీ మామగారి సమాధి పక్కన పెట్టాను. డిసెంబరులో నువ్వేమన్నావో నాకు గుర్తుంది. మనిషి దొరక్కుండా పేరు చెక్కిన రాయి పాతితే మా ఆయన్ని మీరే చంపినట్టు అత్తయ్యా, ఖాళీ మట్టి ముందు నేను నిలబడను అన్నావు. రాయి పాతలేదు. ఆర్విల్ పాతనివ్వడు కూడా. గుంత తవ్వమని అడిగితే, ఖాళీ గుంత రాత్రంతా నోరు తెరుచుకుంటే ఇంకొకర్ని పిలుస్తుంది వదినా, మన ఇంట్లో ఇంక పిలవడానికి ఎవరున్నారు అన్నాడు. సరే, గుంత వద్దు, పూలపాదు వేసుకుంటాను, మోకాలి లోతు కూడా తవ్వను, దానికీ నీ అనుమతి కావాలా అన్నాను. చేసేదిలేక పార తెచ్చాడు. తీరా నేను గీత గీస్తుంటే, పూలపాదుకు తలవైపు, కాళ్లవైపు ఏమిటి వదినా, సమాధిలా తూర్పు మొహం ఏమిటి అని వెక్కిరించాడు. నేను గీత పూర్తిచేశాను. తర్వాత తనే కుక్కిన పేనులా మట్టి గుల్ల చేశాడు.

నాకు అంతకన్నా వేరే దారి కనబడలేదు రోవెనా. ఈ నెల ఆఖరి ఆదివారం డెకరేషన్. ఊరంతా వచ్చి గడ్డి పీకి, సమాధుల మీద మట్టి మళ్లీ దిబ్బగా ఎగదోసి, పూలు పెట్టి, అక్కడే బల్లలు వేసుకుని భోంచేస్తారు. ముసలి పోజీ కూతుళ్లు కూడా వస్తారు. ఇల్లు వదలనని మొండికేసిన ఆ ముసలాయన కోసమే గదా హార్లన్ వాగు దాటింది. పోజీ మర్నాడే దొరికాడు. ఆయనకు దిబ్బ ఉంది, రాయి ఉంది, పూలుంటాయి. నా కొడుక్కి ఏమీ లేదు. పూలు పట్టుకుని నేను ఎవరి దగ్గర నిలబడను? అందరూ నావైపు చూడకుండా కోడికూర వడ్డించుకుంటుంటే నేను ఆ పూలు ఎక్కడ దించను? నాకు ఏడుపు రావడం లేదు. ఒళ్లు మండిపోతోంది.

అందుకే పెద్ద రకాలు అడిగాను. ఆరడుగుల మనిషికి సరిపడా కప్పాలి. పట్నం దుకాణంలో అమ్మే నల్లద్రాక్ష రంగు ఆకులవి, వెండిగీతలవి చూడటానికి ముచ్చటే గాని టోపీ అంత కూడా పెరగవు. చలికి వేరు పైకి లేస్తుంది, జూలై ఉక్కకు మొదలు కుళ్లుతుంది. వాటి పుట్టిల్లు పడమటి ఎండుకొండలు. మన జిగురుమట్టి వాటికి సరిపడదు. ఆకు మీద నూగు ఉంటేనే మన వైపుది. మా అమ్మమ్మ పుండ్ల మీద నూరి పెట్టిన పటికవేరు అదే. ఆ రక్తం కలిసిన రకాలే పెద్దవవుతాయి. నువ్వు పంపిన మూడింటికీ నూగు ఉంది. చదువుకున్నదాని ఎంపికే.

ముదురు కాఫీ రంగుది తలవైపు పెట్టాను. ఆకు పళ్లెమంత అవుతుందని చీటీలో ఉంది, అవుతుంది కూడా, ఇప్పటికే అరచేయి దాటింది. కాని వాన పడ్డప్పుడు గేటు దగ్గర్నుంచి చూస్తే అది ఆ రోజు వాగులో పోయిన బురద రంగు. ఆ రంగు నేను ఇంకోసారి చూడలేను. అది వద్దు.

కాల్చిన పంచదార రంగుది నడుమ ఉంది. చిన్నప్పుడు హార్లన్ జుట్టు అచ్చం అదే రంగు. కాసేపు దాని దగ్గర కూర్చుంటే మనసు కుదుటపడుతుంది. అయితే సాయంత్రపు ఎండ తగిలే వైపు ఆకుల అంచులు మాడుతున్నాయి. పైగా మిగతా రెండింటంత బలంగా పాకదు. పాదంతా అదే వేస్తే మధ్యలో మట్టి కనబడుతుంది. మట్టి కనబడితే అది ఖాళీ అని తెలిసిపోతుంది.

కాళ్లవైపు పెట్టిన మూడోది ఉత్త పచ్చాకు. దుకాణంలో ఎవరూ రెండోసారి చూడరు. అదే కావాలి నాకు. మోకాలెత్తు గుబురు కట్టి, పక్క మొక్కతో ఆకూ ఆకూ కలుపుకుంటుంది. తక్కినవన్నీ వసంతంలోనే పూసి ఊరుకుంటే ఇది ఆగస్టు చివర మొదలుపెట్టి సెప్టెంబరులో తెల్లగా పూస్తుందట. నీళ్లొచ్చిన నెల. అప్పుడు శ్మశానంలో వేరే పూలేవీ ఉండవు. చీటీలో దాని పేరు రెండుసార్లు చదివాను. శరత్కాలపు పెళ్లికూతురు అని గదా అర్థం. మీ పెళ్లయింది అక్టోబరులో.

కాబట్టి అది ఇంకో నాలుగో అయిదో పంపు. పంపడం కాదు, నువ్వే పట్టుకురా. డెకరేషన్ ముందురోజు వస్తే ఇద్దరం కలిసి నాటుకుందాం. రాయి మాట ఎత్తను, ప్రమాణం. పాదు ముందు నిలబడమని కూడా అడగను. దూరంగా గేటు దగ్గరే ఉండు, చాలు. నిన్ను చూస్తే పోజీ కూతుళ్లు కూడా నన్ను జాలిగా చూడటం మానేస్తారు.

ఇక్కడి సంగతులు ఇంకేం ఉన్నాయి. షెరీఫ్ పంపిన పోలీసులు వెతకడం ఎప్పుడో ఆపేశారు. దుంగలు లాగే యంత్రాలవాళ్లు మాత్రం దిగువన వరద తెచ్చిన కుప్పలు తీస్తున్నారు. నేను పొద్దున పూట గునపకర్రతో ఇసకమేటలు పొడిచి చూస్తూ వాగు వెంట వెళ్లి వస్తుంటాను. నువ్వు కూడా పడితే మేం ఇద్దర్ని వెతకాలి వదినా అని ఆర్విల్ తిడతాడు. అయినా నా వెనకే వస్తాడు. ఫోను తీగలు ఇంకా లాగలేదు. చిక్కుడుకాయ ఊరగాయ నీకోసం ఒక జాడీ ఉంచాను.

నీ మీద ఏ కోపమూ లేని
మీ అత్త,
వెస్టా ట్రాంథమ్

తా.క. ఈ ఉత్తరం సోమవారం పోస్టుకు ఇద్దామని బల్ల మీద ఉంచాను. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి షెరీఫ్ మనిషి మెట్ల కింద నిలబడి ఉన్నాడు. టోపీ తలమీద లేదు, చేతిలో ఉంది. అతను నోరు తెరవకముందే నాకు తెలిసింది.

హార్లన్ దొరికాడు రోవెనా. దిగువన ఇసకమేట దగ్గర, దుంగల కుప్ప అడుగున. పళ్లు చూసి రూఢి చేసుకున్నాకే వచ్చారట. నువ్వు కొనిచ్చిన బెల్టు బకిల్ నాకిచ్చారు. కడిగి నీకోసం ఉంచాను.

గురువారం పొద్దున పాదు వేసిన చోటే తవ్వి, గుంత రాత్రిదాకా ఉండకుండా ఆ రోజే దించుతారు. పాదు తీసెయ్యాలి వదినా అని చెప్పడానికి ఆర్విల్‌కి గంట పట్టింది. తలవైపు ఏది, కాళ్లవైపు ఏది అని ఈసారి అతను అడగలేదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. అతని చేతికిచ్చి కొండ అవతలికి పంపుతున్నాను. నువ్వు చదివేదాకా పక్కనే ఉండమన్నాను.

పెద్ద రకాలు ఇక అక్కర్లేదు. వాడిమీద దిబ్బే ఉంటుంది. కాఫీ రంగుదీ, పంచదార రంగుదీ పీకి కంచె అవతల పడేశాను. అవి ఇక బతకాల్సిన పని లేదు గనక ఆ మాట ఇప్పుడు అనొచ్చు. థాంక్స్ రోవెనా. ఆ రెండింటికీ థాంక్స్.

మూడోదాన్ని తడిగోనెలో చుట్టి వరండా నీడన ఉంచాను. దాని గురించి నేనేమీ అనను. నువ్వొచ్చి నాటు.